గాలీ

రొయ్యల కంపెనీ నన్ను నాలుగు రోజులు కువైట్ పంపింది,
నమూనా పెట్టెల్తో, అతికించుకున్న నవ్వుతో.
చివరి సాయంత్రం మూడు గంటలు మిగిలితే
ముబారకియా బజారుకి పొయ్యాను.

ఆ సంగతి చెప్పడానికే
నెల్లూరు చిన్నబజార్లో, తడి గోనెపట్టా మీద
నిమ్మకాయలు కుప్పపోసుకున్న సందానీబీ ముందు
గొంతుక్కూర్చున్నాను.
పన్నెండేళ్ళు ఆ ఊళ్ళో పని చేసొచ్చిన మనిషి.
సంబరపడుద్దనుకున్నా.

"చెప్పు" అంది, కాయలు ఏరతానే.

చెప్పాను.
చెక్క దూలాల కప్పు కింద నీడక్కూడా కుంకుమపువ్వు వాసనుందని,
ఖర్జూరంలో ఇన్ని రంగులుంటాయని తెలీదని,
ఒక ముసలాయన నా మణికట్టు మీద అత్తరు చుక్క రుద్ది
డబ్బు మాటెత్తకుండా టీ పోశాడని,
ఏ ఊరంటే నెల్లూరన్నానని,
బొంబాయికి ఎటుపక్క అన్నాడని.
అజా వినపడంగానే కొట్ల మీద ఒక్కో గుడ్డ కప్పి
అందరూ మసీదుకి పోతే
తేనె సీసాల మధ్య నేనొక్కణ్ణే
చేతులు కట్టుకుని, దొంగలాగా, నిలబడ్డానని.

"మాంసం కొట్ల ఎనకమాల కొళాయి ఉండాదా ఇంకా?"
నేను చూళ్ళేదు.
"దాని పక్కన అరుగు?"
తెలీదు.
"మరేం జూసొచ్చినావబ్బా."

ఆమె బజారు వేరే.
ప్రతి శుక్రవారం మేడమ్ వెనకాల, రెండు చేతులా సంచుల్తో,
తల దించుకుని నడిచిన బజారు.
దానికి కప్పు లేదు, నేలే ఉంది.
ఏ రాయి కదుల్తుందో,
ఏ మలుపులో తోపుడుబండి మడమకి తగుల్తుందో,
సంచులు దించి వేళ్ళు విదిలించుకోటానికి
ఇంకా ఎన్ని అడుగులు నడవాలో.
ఆ అరుగు మీదే ఒకసారి
కావలి ఆమె ఎవరో కనపడితే
అయిదు నిమిషాలు తెలుగులో మాట్లాడుకున్నారంట.
పేరడగడం మర్చిపోయిందంట.
ఆ తర్వాత ఎన్ని శుక్రవారాలు చూసినా
ఆమె మళ్ళీ రాలేదంట.

"బేరమాడినావా?"
లేదు, చెప్పిన రేటిచ్చాను.
చేతిలో కాయ జారి మురిక్కాలవ దాకా దొర్లింది.
"బేరమాడనోడు బజారుకి పోయినట్టే కాదు.
గాలీ అనాల. గాలీ, గాలీ అంటా
రెండడుగులు ఎనక్కెయ్యాల.
ఆళ్ళ భాషలో గాలీ అంటే ఖరీదెక్కువని."
ఆగింది.
"నిజమే గదా.
ఆ ఇంట్లో కిటికీ తెరవనిచ్చేవాళ్ళు కాదు."

అప్పుడే వీధి ఆ చివర్నించి ఈ చివరకి
ఒక వేడిగాలి పోయింది,
దుమ్ము లేపుకుంటా, పట్టా అంచులు ఎగరేసుకుంటా,
ఎవర్నీ ఏమీ అడక్కుండా.

జేబులోంచి పొట్లం తీశాను.
ఎందుకు కొన్నానో నాకే తెలీదు.
ఎండి, నల్లబడి, పిచ్చికగూడంత తేలికైన ఒక నిమ్మకాయ.
ఇక్కడ కుప్పలో ఇట్టాంటిది కనపడితే
విసిరి అవతల పారేస్తాం.
అక్కడ గోతాలకి గోతాలు, తూకమేసి అమ్ముతున్నారు.

ఆమె చెవి దగ్గర పెట్టుకుని ఊపింది.
లోపల గింజలు కదిలాయి.
"మంచి కాయే. చేపల కూరలో ఏసేదాన్ని.
రెండు చోట్ల పొడవాల,
లేకపోతే లోపలి పులుపు బయటికి రాదు."

"బాగుంటుందా ఆ కూర?"

"ఉప్పు జూసేదాన్ని" అంది.

కాయని చిల్లర డబ్బాలో, పది రూపాయల బిళ్ళల మధ్య పెట్టింది.
ఇంకేదో అడగబోయాను.
స్కూటర్ దిగకుండానే ఒకతను
డజనెంతన్నాడు.
అరవై.
అమ్మో, అని కాళ్ళతో నేలని తన్ని
బండిని రెండడుగులు వెనక్కి తోసుకున్నాడు.

సందానీబీ అతని వైపు చూళ్ళేదు.
నా వైపు చూసింది, కనుబొమ్మ ఎత్తి,
నేర్చుకో అన్నట్టు.