ఆకుపచ్చ తీగె

కాశిబుగ్గల నా రిపేరు దుకాణానికి
సిమెంటు సంచిల చుట్టి
టైల్స్ కట్టరు తెచ్చిండు ఓంకార్.
"షాక్ ఏం గొడుతలేదన్నా, ఉత్తగ చురచురమంటుంది"
అన్నడు, ఎడమ చేతి వేళ్లు
ముడుసుకుంట, తెరుసుకుంట.

పొద్దటి నుంచి ముసురు.
వాని హవాయి చెప్పులు
మడిమ కాడ అరిగి కింది నేల కనవడుతుంది.

నేను ముందుగాల మిషన్ చూడను, తీగె చూస్త.
మా అవ్వ తునికాకుల ఈనె తడిమినట్టు
బొటనేలు పెట్టి మెల్లగ తడుముకుంట పోత.
ఆడొక కాటు, ఎలుకదో తలుపు సందుదో.
ఈడ టేపు, టేపు కింద ఇంకో టేపు,
దాని కింద పాల ప్యాకెటు కవరు.
ఒక్కో అతుకు ఒక్కో తొందర.
ప్లగ్గుకు రెండే కాళ్లు.
మూడోది, అన్నిట్ల లావుది,
మొదలంట ఇరిగి ఉంది.

నాలుగు స్క్రూలు విప్పిన.
బురద, తెల్ల పిండి,
లోపల ఆకుపచ్చ తీగె
కత్తిరించి, ఎనక్కు మడిచి,
మూడు చుట్లు చుట్టి కొస లోపలికి దోపి ఉంది.

మూడు చుట్లు. కొస లోపలికి.
వరంగల్ల గిట్ల కట్టేటోడు ఒక్కడే.
నేనే.

మిషన్ తిప్పి చూసిన.
కడుపు మీద గోళ్ల రంగుతోని రాసిన పేరు
సగం అరిగింది: ఓదెలు.

ఆరేండ్ల కిందట.
"రేపు పొద్దున గృహప్రవేశమట సదన్నా,
బాత్రూంల ఇంకా ఉత్త గోడలే.
బోర్డుకు రెండే తొర్రలున్నయి,
ఈ ఒక్క పూట నడిపియ్యి."
నడిపిచ్చిన.
చాయ్ తాగుకుంట, రెండు నిమిషాలల్ల.
"ఆకుపచ్చది ఊకెనే ఉంటది, దానికేం పని లేదు" అని
నవ్విన గూడ.

నిజమే, దానికి రోజూ పని లేదు.
ఎర్రది మోస్తది, నల్లది మోస్తది,
మోటరు తిరిగేది, కూలి పడేది వాటితోనే.
ఆకుపచ్చది ఉట్టి చేతులతోని నిలవడి ఉంటది,
ఎర్రది ఎప్పుడన్న తొవ్వ తప్పి
మిషన్ ఒంటి మీదికి పాకిన్నాడు
దాన్ని పట్టుకొని మట్టిలకు తీస్కపోను.
అది లేకపోతే
ఆ తొవ్వ మనిషి లోపల్నుంచి పోతది.
కాళ్లు తడిగుంటే ఇంకా సులువు.

"ఇది నీకెట్లొచ్చింది?"
"హసన్‌పర్తిల ఒకామె ఇచ్చింది, ఎనిమిది వందలకు.
ఇంట్ల ఉంచుకోనన్నది."
"ఎందుకట?"
"నేనడగలే."
నేను గూడ ఆ పైన అడగలే.
సోల్డరింగ్ ఐరన్ వేడెక్కే దాక
ఇద్దరం వాన దిక్కు చూసినం.

కొత్త తీగె వేసిన, అతుకు లేనిది.
కొత్త ప్లగ్గు, మూడు కాళ్లది.
ఓంకార్ దాన్ని అటిటు తిప్పి
"మా బోర్డుల ఇది వట్టదన్నా" అన్నడు.

షట్టరు గుంజి స్కూటరు తీసిన.

పైడిపల్లి. కొత్త ఇల్లు, నీళ్లు నిలిచిన బాత్రూం.
మూడు తొర్రల బోర్డు బిగిస్తే అయిపోదు,
మూడో తొర్ర ఎనక మట్టి దాక తీగె ఉండాలె.
గోడల ఖాళీ పైపే ఉంది.
మేస్త్రి గునుక్కుంటనే గడ్డపార ఇచ్చిండు.
ఇంటెనక గుంత తవ్వి
రాగి పలక, కట్టె బొగ్గు, గళ్లుప్పు,
పొర మీద పొర, పైన బిందెడు నీళ్లు.
"ఇదేం పూజ" అన్నరెవరో.

మీటరు కాడ ఇంకో డబ్బా పెట్టుమన్న,
కరెంటు పక్కదారి పడితే రెప్పపాట్ల పడిపోయేది.
"ఖర్చెంత?" అన్నడు మేస్త్రి.
"ఎనిమిది వందల కంటె ఎక్కువనే" అన్న.
వానికి అర్థం గాలే.
సాయంత్రానికి తెప్పిచ్చిండు మాత్రం.

బల్బు హోల్డరుకు రెండు తీగెలు గట్టి
ఒకటి కరెంటు తొర్రల, ఒకటి మూడో తొర్రల పెట్టిన.
గుడ్డు సొన లెక్క వెలిగింది.
నేల జవాబిచ్చింది.
డబ్బా బిగించి మళ్లీ పెడ్తే
టక్కున పడిపోయింది. అదీ మంచిదే.

"ఇగ కోసుకోవచ్చా అన్నా? నాలుగు టైల్సే ఉన్నయి."
"చెప్పులు" అన్న.
మేస్త్రి గమ్‌బూట్లు తొడుక్కున్నడు,
రెండు నంబర్లు పెద్దయి,
టపటప నడుసుకుంట లోపలికి పోయిండు.

కట్టరు మొదలైంది.
జేబుల చెయ్యి పెడ్తే
పొద్దున కోసేసిన ఆకుపచ్చ ముక్క,
మూడు చుట్లు అట్లనే ఉన్నయి.

హసన్‌పర్తి ఎంతో దూరం లేదు.
స్కూటర్ల పెట్రోలున్నది.
ఇల్లు అడుక్కుంట పోతే దొరుకుతది.
పొయ్యి ఏం జెప్పాలెనో
అది ఇంక దొరకలే.