కంచం చూశాకే సూది

ఊటుకూరు దాటినాక
సముద్రం కనపడదు గానీ ఇనపడతా ఉంటది.
ఆ కట్ట మీద ఏడో నంబరు గుంటకి కాపలా నేను.
రోజుకి నాలుగు తూర్లు మేత జల్లుతా.
రెండు గంటలాగి చెక్ ట్రే పైకెత్తి
లైటేసి చూస్తా:
మిగిలిందా, మింగినయ్యా.
ఎక్కువేస్తే నీళ్లు చెడతయి,
తక్కువేస్తే ఒకదాన్నొకటి పీక్కుతింటయి.
ఇంత తెలిసినోడికి
తన నెత్తుట్లో తీపి తెల్లేదు,
బొటనేలు మీద పుండు
రెండు నెలలు మొండికేసేదాకా.

విడవలూరు ఆసుపత్రిలో సలోమి సిస్టరు
సీసాని కిటికీ వెలుతురుకి పట్టింది.
"చూడు పెంచలయ్యా, తేట నీళ్లట్టా ఉండాల.
మబ్బు కమ్మిందా, పారెయ్.
సీసా మీద నలభై, సూది మీదా నలభై.
ఎర్ర మూత సూదే అడిగి తీసుకో.
నారింజ మూతది నూరు లెక్క,
దానికీ దీనికీ పొత్తు కుదరదు."

నేను నవ్వా.
కౌంటు సంగతి నాకా చెప్పేది!
నలభై కౌంటు రొయ్యకి నూరు కౌంటు రేటు రాసిన
బేరగాడి గల్లా పట్టుకున్నోణ్ణి గదమ్మా.

ఆమె నవ్వలేదు.
"పొడుచుకున్న అరగంటకి అన్నం నోట్లోకి పోవాల.
పోలేదా,
ఆ మందు నిన్ను తినడం మొదలుపెడతది."

మొదట్లో సీసాని ఐసు పెట్టెలో దాచా,
శాంపిలు రొయ్యల పక్కన.
గడ్డకట్టిన మందు చచ్చిన మందంట, ఆమే చెప్పింది.
ఇప్పుడు తడి ఇసకలో కొత్త కుండ,
కుండలో డబ్బా, డబ్బాలో సీసా.
పొట్ట మీద ఈ పూట కుడి, రేప్పొద్దున ఎడమ,
పొడిచిన కాడే పొడిస్తే గడ్డ కడతది.
అన్నీ నేర్చుకున్నా.
ఒక్కటే తప్పింది.

కార్తీకంలో ఒక రాత్రి,
మలుపులో బండి చప్పుడు ఇని
క్యారేజీ వొచ్చేసిందనుకున్నా.
చెల్లెలు పంపే మెత్తళ్ల పులుసు వాసన కూడా
నా ముక్కే కల్పించుకుంది.
పొడుచుకున్నా.
బండి మా గుంట దాటి పోయింది.

అప్పుడే కరెంటు పోయింది.
ఏరేటర్లు ఆగితే గుంట ఊపిరి ఆగినట్టే.
జనరేటర్ తాడు లాగతా ఉండా, లాగతా ఉండా.
చెమట.
పనికి పట్టిన చెమటే అనుకున్నా.
చేతులు వొణుకు.
ఇంజను వొణుకే అనుకున్నా,
ఇంజనింకా లేవనే లేదు.
రొయ్యలు పైకొచ్చి మీసాలు తేలేసినయి.
కట్ట మీద టార్చి ఒకటి రెండైంది,
రెండు నాలుగైనయి.
నేను రొయ్యల్ని పేరు పెట్టి తిడతా ఉండానంట,
తర్వాత మస్తాను చెప్పాడు.
పద్దెనిమిదేళ్ల పిల్లోడు,
పక్క గుంట కాపలా.

వాడికి సలోమి తెలీదు, లెక్కలు తెలీవు.
వాళ్లమ్మకీ ఇదే జబ్బు, అంతే.
రొయ్యల మందులో నానేసేదానికి
షెడ్డులో తెచ్చిపెట్టిన బెల్లం అచ్చు
రాయితో పగలగొట్టి
"నమలు మామా, మాట్లాడబాక" అన్నాడు.
పావుగంట చూశాడు.
వొణుకు తగ్గలేదని ఇంకో ముక్క.
మళ్ళా పావుగంట.
టార్చి ఒకటైంది.
అప్పుడు వాడి సద్దిలోంచి
సగం అన్నం నా చేతిలో పెట్టి
జనరేటర్ కాడికి వాడే పోయాడు.
ఆ రాత్రి ఎన్ని రొయ్యలు పోయినయో
ఓనరుకి చెప్పిన లెక్క వేరు.

ఇప్పుడు చప్పుడు నమ్మను, వాసన నమ్మను.
గిన్నె మూత తీసి
మెతుకుని కళ్లతో చూశాకే సూది.
చొక్కా జేబులో ఎప్పుడూ ఇంత బెల్లం,
చీమలు నన్ను ఇల్లనుకుంటా ఉండయి.
ఎదురుగా అన్నం, మధ్యలో అరగంట.
రోజు మొత్తంలో ఎవురికీ కాపలా కాయని
అరగంట అదొక్కటే.

తిన్నాక మస్తాను వొస్తాడు, ఏమీ అడగడు.
నా గిన్నె పైకెత్తి
టార్చేసి చూస్తాడు,
చెక్ ట్రే ఎత్తినట్టు,
అడుగున ఏమన్నా మిగిలిందేమో అని.