రెండు నోటుపుస్తకాలు

నా బల్ల మీద రెండు నోటుపుస్తకాలు.
పచ్చ అట్టది సాయం చేసేవాళ్లది
ఎర్ర అట్టది సాయం కావలసినవాళ్లది.
పెన్ను మాత్రం ఒక్కటే.
దాన్ని దారంతో బల్లకాలికి కట్టేశాను.
తుఫాను వెలిశాక ఈ సమర్ దీవిలో
అన్నిటికన్నా ముందు మాయమయ్యేది పెన్నే.

నేనెవర్నీ నీళ్లలోంచి లాగలేదు.
నాకు ఈత రాదు.
దీవిలో పుట్టి ఈత రాదంటే నవ్వుతారు,
నవ్వనీ.
లాగినవాళ్ల చేతులు చూడడం నా పని.
బొబ్బలెక్కాయా, మేకు దిగిందా,
సూదిమందు వేయించుకున్నావా,
పొద్దుట్నుంచి ఏమైనా తిన్నావా?
అబద్ధం చెప్పేవాడు
ముందు "తిన్నాను" అంటాడు,
తర్వాత లుగావ్ గిన్నె వైపు చూస్తాడు.

లుగావ్ అంటే ఏం లేదు, గంజే.
ఇంత అల్లం, దొరికితే ఉప్పుచేప ముక్క.
అంపారో పెద్దమ్మ తెల్లారగట్ల మూడింటికే
బడి వరండాలో పొయ్యి రాజేస్తుంది.
కట్టెలకేం కరువు,
కొబ్బరిచెట్లన్నీ నేల మీదే పడుకుని ఉన్నాయి.

మనీలా నుంచి పెట్టెలొచ్చాయి.
ఒకదాన్నిండా ఎత్తు మడమల చెప్పులు,
ఒక్కదానికీ జత లేదు.
ఇంకోదాంట్లో ముత్యాలు కుట్టిన పెళ్లిగౌను.
నాకు ఒళ్లు మండింది.
మండడానికైనా తీరిక ఉండాలి కదా.
పెద్దమ్మ ఏమీ అనలేదు, కత్తెర తీసింది.
పదిహేడు ఇళ్లకి
నీళ్లు వడగట్టుకునే గుడ్డలయ్యాయి.
ముత్యాలు పిల్లలు పంచుకున్నారు.

రోడెల్ పేరు పచ్చ పుస్తకంలో
మొదటి పేజీ నుంచీ ఉంది.
వచ్చిన వేళ: అయిదున్నర.
వెళ్లిన వేళ: ఖాళీ.
పన్నెండు రోజులు, పన్నెండు ఖాళీలు.
నలభై ఒక్క కప్పులకి రేకులెక్కించాడు.
ఇంటికెళ్లి పడుకోరా అంటే
"అలాగే మానా" అనేవాడు.
అక్కా అని అంత మెత్తగా పిలిస్తే
ఇంకేం గద్దిస్తాను?

పదమూడో నాడు
వానలో ఒక పిల్ల వచ్చింది.
ఎనిమిదేళ్లుంటాయి.
ఎర్ర పుస్తకం తనవైపు లాక్కుంది,
దారం చాలక బల్ల చుట్టూ తిరిగొచ్చి
మునివేళ్ల మీద నిలబడి రాసింది.
జెరాలిన్. మా ఇంటికి రేకులు కావాలి.
ఇంటిపెద్ద పేరు: రోడెల్.
"నాన్నకి తీరిక లేదు,
అందరి ఇళ్లూ కప్పాలిగా" అంది
తడిసిన జడ పిండుకుంటూ.

సాయంత్రం అతను నా మీద ఎగిరాడు.
"కొట్టెయ్ ఆ పేరు.
రెండు చేతులూ ఉన్నవాణ్ణి,
ఎర్రదాంట్లో నాకేం పని?"
నేను పచ్చ పుస్తకం తెరిచి
ఖాళీలు చూపించాను.
ఇవి నింపు.
ఏ రాత్రి ఎన్నింటికి ఇంటికెళ్లావో రాయి.
పెన్ను పట్టుకున్నాడు.
చాలాసేపు పట్టుకున్నాడు.
కింద బల్లకాలి దగ్గర
దారం వణకడం కనిపించింది.

మర్నాడు ఎవరూ చెప్పకుండానే
పదకొండు మంది వాళ్లింటి మీదికెక్కారు.
అతన్ని మాత్రం ఎక్కనివ్వలేదు,
నిచ్చెన పట్టుకోమన్నారు.
పట్టుకున్నాడు గానీ నోరూరుకోదే!
మేకు వంకరన్నాడు, రేకు తిరగబడిందన్నాడు,
"ఈ పని మీకెవడు నేర్పాడురా" అని కేకలేశాడు.
"నువ్వే" అన్నారు పైనుంచి.
జెరాలిన్ కొబ్బరిచిప్పలో మేకులు లెక్కపెడుతోంది,
మధ్యలో ఒక ముత్యం.

చీకటి పడ్డాక పుస్తకాలు మూసి
దారం పెన్నుకి చుడుతున్నాను.
పెద్దమ్మ గరిటెతో వచ్చి నా పక్కన నిలబడింది.
"నీ పేరు ఎందులో ఉంది?"
వెతికాను.
ఎందులోనూ లేదు.
"సరే, తిన్నావా?" అంది.
తిన్నాను, అన్నాను.

ఆవిడ కదల్లేదు.
నా కళ్లు ఎటు పోతాయా అని
చూస్తూ నిలబడింది.