సిరా ఆరేలోగా

ఆదివారం పత్రికని వంటింటి తక్కెడ మీద పెట్టాను.
నూట పది గ్రాములు.
పొగబెట్టిన చేప తూచుకునే తక్కెడ అది,
మొహమాటం తెలీదు దానికి.
నేను ప్రెస్సులో ఉన్న రోజుల్లో ఇదే ఆదివారానికి
పేపర్లేసే కుర్రాళ్ల భుజాలు ఒకపక్కకి ఒరిగిపోయేవి.

నాలుగో పేజీలో గళ్లు కట్టి వేశారు: మా మద్దతు.
మేయరుగా మార్జీన్ కొవాల్చిక్.
కారణం, అనుభవం.
ఆ మాట పదకొండుసార్లు వాడారు,
పెన్సిల్ పెట్టి లెక్కేశాను.

ఒకప్పుడు ఆ "మా"లో తొమ్మిదిమంది ఉండేవాళ్లు.
పై అంతస్తులో వాదించుకుని, అరుచుకుని
రాత్రి పదకొండుకి ఒక కాగితం కిందికి పంపేవాళ్లు,
అందాకా మేం యంత్రం ఆపుకుని కూర్చునేవాళ్లం.
ఇప్పుడు ఇద్దరట.
అందులో ఒకాయన ఉండేది మూడొందల మైళ్ల అవతల,
మా కొండరోడ్డు మంచు మీద ఒక్కసారీ జారిపడని మనిషి.

అలాగని తీసిపారెయ్యలేను.
ఆ రెండో మనిషి లొరెయిన్ పెక్కాల
కౌన్సిల్ మీటింగుల్లో చివరి కుర్చీలో
అర్ధరాత్రి దాకా రాసుకుంటుంది.
ఆమె చూసింది నేను చూడలేదు.
ఆ వేళకి నేను గురకపెడుతుంటాను.

ఫిబ్రవరిలో గార్నెట్ వీధి కింద నీళ్ల గొట్టం పగిలింది.
తెల్లారేసరికి వీధి వీధంతా గాజు.
కొవాల్చిక్ నైటీ మీద కోటు తొడుక్కుని వచ్చేసింది,
మ్యాపు అడక్కుండా
ఏ మూత కింద ఏ వాల్వుందో చూపించింది.
అనుభవమంటే ఇదీ అన్నారంతా. నేనూ అన్నాను.
ఏప్రిల్లో, గడ్డం గీసుకుంటుంటే తట్టింది,
ఆ వాల్వు ఆవిడకెలా తెలుసు?
మార్చాలని ఎనిమిదేళ్లుగా కాగితం వస్తోంది,
వచ్చే ఏడు చూద్దామని ఎనిమిదిసార్లూ చెయ్యెత్తింది ఆవిడే.
కట్టు కట్టి దాచినవాళ్లకి
పుండు చీకట్లో కూడా దొరుకుతుంది.

అయినా ఆ చలిలో వచ్చింది కదా.
ఇంకెవరూ రాలేదు కదా.

రెండోవాడు ఎమెట్ ఓడెగార్డ్, ముప్పై నాలుగేళ్లు.
స్కూలు బస్సుల ఆఫీసులో రేడియో ముందు కూర్చుంటాడు.
ఏ పిల్ల ఏ మలుపులో ఎక్కుతుందో,
ఈ వారం ఎవరింట్లో నాన్న లేడో
నోటికి చెబుతాడు.
లూథరన్ చర్చి కింది గదిలో నిలబెట్టి
పెన్షన్ల బాకీ ఎంత అంటే తెలీదన్నాడు.
రేవు లీజు ఎన్నాళ్లంటే
తెలీదు, కనుక్కుంటానన్నాడు.
మూడోసారికి వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.
పత్రిక ఆ మూడింటినీ జాగ్రత్తగా పేర్చింది.

ముప్పై ఒక్క ఏళ్లలో ఎన్ని మద్దతులు అచ్చేశానో!
జైలుకెళ్లినవాడికొకటి,
వంతెన కట్టించినావిడకి రెండు,
గెలిచిన నెలకే పోయినాయనకొకటి.
"మాకు తెలీదు" అన్న ముక్క
ఒక్కదాన్లోనూ నా కంటపడలేదు.

రబ్బరు సిలిండర్ మీద పేర్లన్నీ తిరగబడి కనిపించేవి.
వెనక నుంచి చదవడం అలా అబ్బింది నాకు.
నీకు మనుషులూ వీపు వైపు నుంచే అర్థమవుతారు
అనేది ఐలీన్.
తనుంటే ఈపాటికి తేల్చేసి
గిన్నెలు కడుక్కుంటూ ఉండేది.

మంగళవారం. ఫైర్ స్టేషన్‌లో పోలింగు,
ఇంజన్లు బయట వానలో.
"గుండ్రం నిండా నింపండి, గీత దాటకండి"
అంది బల్ల దగ్గరావిడ.
నింపాను. ఎవరికో చెప్పను.

పాత అలవాటు పోదు.
కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూశాను,
నలుపు సమంగా పడిందా,
పక్క పేరు మీదికి పాకిందా అని.
బొటనవేలితో తాకితే
ఇంకా తడి.

వెనకాయన గొంతు సవరించుకున్నాడు.
ఊదుకుంటూ నిలబడ్డాను.