దువ్వెనల గిన్నెలో కంట్రోలర్

ఎలెయుతేరియో చేతులకి తీరిక ఉండదు.
ఒకదాంట్లో కత్తెర,
ఇంకోదాంట్లో ఎవరిదో ఒక చెవి.
అందుకే వల్పరైసో మెట్లవీధిలో, మా సెలూన్‌లో
టీవీలో ఫుట్‌బాల్
కంప్యూటరే ఆడుతుంది, కంప్యూటర్‌తోనే.

కంట్రోలర్ దువ్వెనల గిన్నెలో పడి ఉంటుంది,
దాని తీగకి ఎవరివో నెరిసిన వెంట్రుకలు చుట్టుకుని.
రాలిన జుట్టు ఊడవడం నా పని.
గోల్ పడబోతుంటే చీపురు ఆపేయడం
ఎవరూ చెప్పని పని.

చేరిన కొత్తలో నవ్వొచ్చేది.
"కుడిచెయ్యి ఎడమచేత్తో పంజా పడితే
గెలిచినట్టు ఎవరు?"
"మధ్యలో బల్ల" అన్నాడాయన,
గిన్నెలో నురగ కలుపుతూ.

ఒక వానాకాలమంతా కూర్చుని
రెండు జట్లకీ పేర్లు ఎక్కించాడట, బొటనవేలితో, అక్షరం అక్షరం.
పై కొండ ఒక జట్టు. కింద రేవు ఒక జట్టు.
చేపలమ్మే నివాల్దో కొండకి తొమ్మిదో నంబరు.
వేగం తొంభై పెట్టమని బేరమాడితే
అరవై రెండు దగ్గర తెగింది.
రెండు మెర్లూసా చేపలు తెచ్చిచ్చాక
అరవై నాలుగయింది.
బొజ్జ మాత్రం తగ్గించలేదు.
కొండమీదికి రైలుపెట్టె నడిపే బల్తసార్
రోజూ నలభైసార్లు ఎక్కి దిగే మనిషి,
ఆటలో మాత్రం పైకి పోయాడంటే కిందికి రాడు.
"ఏమయ్యా, బ్రేకు పడిందా?" అని
అద్దంలోంచే అందరూ తిడతారు.
ఆయన మెడచుట్టూ తెల్లగుడ్డతో,
సగం గడ్డం నురగతో,
నిజంగానే సిగ్గుపడతాడు.

ఒక రాత్రి, షట్టర్ సగం దించి,
నేనూ ఆడి చూశాను.
పరిగెత్తమంటే పరిగెత్తారు, ఆగమంటే ఆగారు.
బల్తసార్ బుద్ధిగా కిందికొచ్చాడు.
పదకొండు మందీ నా వేళ్ళయిపోయారు.
ఆరు గోల్స్‌తో గెలిచాను.
సెలూన్‌లో అంత ఒంటరిగా
ఎప్పుడూ అనిపించలేదు నాకు.
కంట్రోలర్ తుడిచి గిన్నెలో పెట్టేశాను.

కొండ జట్టు గోల్‌కీపర్ ఎర్మోహెనెస్.
రేవులో క్రేన్ తోలేవాడు.
తన బొమ్మ చూసి "ముక్కు నాది కాదు" అని గొడవపడి,
మూడుసార్లు ముక్కు మార్పించుకుని,
ఆ ఏడాదే పోయాడు.
టీవీలో అందరికీ ఏటా ఒక ఏడు పెరుగుతుంది,
ఆయనకి పెరగనివ్వడు ఎలెయుతేరియో.

గురువారం హొవీతా వచ్చింది, ఆయన భార్య,
మనవడు ఇలారియోకి జుట్టు కత్తిరించడానికి.
ఎప్పటిలాగే కిటికీ పక్క కుర్చీ,
ఒళ్ళో ఉల్లిపాయల సంచీ.
ఎనభై ఏడో నిమిషం. ఒకటి, ఒకటి.
బల్తసార్ ఎవరి కాలికో అడ్డం పడ్డాడు.
రేవుకి పెనాల్టీ.

తెల్లగుడ్డ కిందనుంచి పిల్లాడి చెయ్యి బయటికొచ్చింది,
దువ్వెనల మధ్య తడిమింది.
"తాతని నేను ఆపిస్తా."
ఒక్క మీట నొక్కితే చాలు,
కీపర్ వాడివాడైపోతాడు.

ఎలెయుతేరియో కత్తెర కింద పెట్టాడు.
ఆయన రెండు చేతులూ ఖాళీగా ఉండటం
నేను చూసింది అప్పుడే.
కింద ఎక్కడో ఓడ కూత వేసింది.
నివాల్దో శిలువ గుర్తు వేసుకున్నాడు.

"వదిలెయ్ నాన్నా" అంది హొవీతా.
"ఆయన్నే దూకనీ."

దూకాడు.
ఎడమకి.
బంతి కుడిపక్కనుంచి, తీరిగ్గా, వలలోకి పోయింది.

ఎవరూ కిమ్మనలేదు.
హొవీతాకి మాత్రం నవ్వొచ్చింది.
ఆపుకుందామంటే ఆగక,
సంచీలోంచి రెండు ఉల్లిపాయలు దొర్లి
జుట్టులో పడేంతగా నవ్వింది.
"ఎప్పుడూ అటే! రేవు మైదానంలో ఇరవై ఏళ్ళు చూశాను,
బంతి ఎటొచ్చినా సరే,
ఈ మనిషి ఎడమకే!"

ఆ సంగతి ఎవరూ ఎక్కించలేదు.
ముక్కు ఎక్కించాడు, ఎత్తు ఎక్కించాడు,
ఎడమ సంగతి
ఎలెయుతేరియోకి అసలు తెలియదు.

నేను ఉల్లిపాయలు ఏరి ఊది ఇచ్చాను.
కొండ ఓడిపోయింది, మళ్ళీ ఆట మొదలైంది,
దానంతటదే.
ఇలారియో ఇంటికి వెళ్ళిపోయాక చూసుకున్నాం,
వాడికి ఒకవైపే కత్తిరించారు.