షీలానగర్ దగ్గర, రాత్రి మూడింటికి

పన్నెండు మీటర్ల గాడా గుడ్డ.
షామియానాకా అమ్మా, అని అడిగాడు కొట్టువాడు.
అవునన్నాను.
లారీల కింద పరుస్తానంటే కొలిచేవాడే కాదు.

సర్వీసు రోడ్డు మీద, కాటాకి తిరిగే మలుపులో
పైడయ్య నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు.
ఆటోనగర్‌లో ముప్పయ్యారేళ్లు లారీలకి
పులుల్నీ పద్మాల్నీ నంబర్లనీ రాసిన చెయ్యి అది.
ఇప్పుడు స్టిక్కర్లు కత్తిరించే మిషన్ పక్కన
అల్లుడి షాపులో కాపలా కూర్చుంటోంది.
"ఏటమ్మా, రోడ్డుకి పక్కేస్తన్నావా?"

దీపపు మసి, అవిసెనూనె, చారెడు కిరసనాయిలు.
పాళ్లు అతనివే. గుడ్డకి ముందు
రోడ్డుకే ఒక పట్టీ నల్లగా పూశాం.
చక్రం సిరాలో ఓ అడుగేసి, ఆనక నా గుడ్డ మీదకొస్తుంది,
కొత్తకోడలు గడప దాటినట్టు, అన్నాను.
"అంత బరువు కోడల్ని నానెక్కడా సూళ్లేదు."

అందరూ సముద్రాన్ని వేసేవాళ్లు మా క్లాసులో.
డాల్ఫిన్స్ నోస్ లేని స్కెచ్‌బుక్కు ఒక్కటీ లేదు.
నేను పుట్టింది ఎన్ఏడీ కొత్తరోడ్డులో,
అలమరలో స్టీలు గ్లాసులు రాత్రంతా మాట్లాడుకునే ఇంట్లో.
కిటికీ ఊచల్లోంచి హెడ్‌లైట్లు దూరి
సున్నం గోడ మీద గీతలు లాగేవి,
ఈ మూల నుంచి ఆ మూలకి సాగి, విరిగి, కప్పు మీదకెక్కి
పోయేవి.
నాకు బొమ్మ నేర్పిన మేష్టారెవరంటే
ఎవరి పేరూ చెప్పబుద్ధి కాదు.

మొదటిది వచ్చింది. పోర్టు బొగ్గు లారీ.
అరికాళ్లకి ముందు తెలిసింది,
చెవులకి ఆఖర్న.
తర్వాత ఉక్కుచుట్టల ట్రైలరు, మెల్లగా, ఏనుగులా,
తర్వాత ఖనిజం మోసేది, నలుపు మీద
ఎర్రటి దుమ్ము వదిలేసి.
బుల్లెట్ మీద ఒక కుర్రాడు
గుడ్డని చూసి జడుసుకుని చుట్టూ తిరిగి పోయాడు.
అతని భయం కూడా ఉంది అక్కడ,
ఏ మరకా లేని జానెడు చోటులో.

తెల్లారాక టీ బండి దగ్గర పైడయ్యని అడిగాను,
నువ్వేసిన బొమ్మలు మళ్లీ ఎప్పుడైనా చూశావా అని.
"బాగున్న బండి ఎందుకొస్తాదమ్మా నా కాడికి?
గుద్దుకున్నాదే వస్తాది.
పులికి మూతుండదు. పద్మం మడతడిపోయుంటాది.
ఆ రేకు సాపు సేయించి, మళ్లీ అదే పులి.
ఒకపాలి నంబరు మార్సమన్నాడు ఓనరు.
డ్రైవరేడీ అంటే
డబ్బులిచ్చేసి ఎల్లిపోనాడు."

టీ చల్లారిపోయింది. మేం గుడ్డ చుట్టాం.
పిల్లని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు, చొక్కా అంతా మసి.

సిరిపురంలో ఒక హాల్లో వేలాడదీశాం దాన్ని.
వచ్చినవాళ్లు దూరం జరిగి చూశారు, దగ్గరికొచ్చి చూశారు.
లయ అన్నారు ఒకరు. నగరం నాడి అన్నారు ఇంకొకరు.
పైడయ్య ఉతికిన చొక్కాతో వచ్చాడు,
చెప్పులు గుమ్మం బయట విడిచి.
నిలబడలేదు. గుడ్డ అంచు వెంట నడిచాడు,
తప్పిపోయిన మేకని వెతికేవాడిలా కిందకే చూస్తూ.
ఏడో మీటరు దగ్గర వంగాడు.

"ఈ ఎడం ముందు టైరు లోపలేపే అరిగిపోనాది.
తీగలు కనిపిస్తన్నాయి సూడు, ఈ సన్న గీతలు.
ఘాట్లో పేలిపోద్దిది.
ఎవులైనా సెప్పండి ఆడికి."

నవ్వారు జనం, చమత్కారమనుకుని.
అతను నవ్వలేదు. అటూ ఇటూ వెతుకుతున్నాడు,
ముప్పయ్యారేళ్ల అలవాటు కొద్దీ,
నంబరు ఎక్కడైనా పడిందేమో అని.

నా చేతిలో ధర చీటీ.
సున్నాలు రాయడం ఆపి
నేనూ వంగాను.