నేల పద్దు

దారేజాన్ నాట్యం చేయగా నేను చూడలేదు.
తేయాకు ఫ్యాక్టరీ మూతపడ్డాక
కుతాయిసి థియేటర్ లెక్కల గదికి వచ్చినవాణ్ణి నేను.
అప్పటికే ఆమె ఎడమ మడమకి
రెండు ఆపరేషన్లు, ఒక రాజీనామా అయిపోయాయి.
ఆమె పేరున్న పాత పోస్టరు మాత్రం
మా బీరువా వెనక
గోడకీ చీకటికీ మధ్య
ఒంటికాలి మీద నిలబడి ఉంది.

ఒకప్పుడు అరికాళ్ళకు గుగ్గిలం పొడి అద్దుకున్న మనిషి
ఇప్పుడు కాలికి బలపం కట్టుకుని తిరుగుతుంది.
జనరేటరు డీజిలుకి నగర సభ,
తెగిన తెరతాడుకి రియోని అవతలి దుకాణం,
బతుమి ప్రయాణానికి బస్సువాడి ఇల్లు.
వాడింకా నిద్ర లేవలేదంటే
వాళ్ళమ్మ పెట్టిన మొక్కజొన్న రొట్టె తింటూ
లేచేదాకా అక్కడే కూర్చుంటుంది.

పెద్ద పాత్ర వేసే పిల్లకి
ఒక జత శాటిన్ బూట్లు ఒక్క రాత్రికే చాలతాయట.
తేయాకు పెట్టెల లెక్కతో బతికినవాణ్ణి,
"నా తోలుబూట్లు నాలుగేళ్ళొస్తాయి" అన్నాను.
ఆమె డ్రాయరు లాగి
తన చివరి జత నా బల్ల మీద పెట్టింది.
లోపల, వేళ్ళ దగ్గర, తుప్పురంగు మరక.
ఆ నెల నుంచి బూట్ల పద్దు మీద
నా ఎర్ర పెన్సిలు ఆగలేదు.

పోయిన ఫిబ్రవరిలో కేటో పడింది.
మోకాలి చిప్ప.
పైన పలచని చెక్క, కింద తాతలనాటి సిమెంటు.
దారేజాన్ అర్జీ రాసింది, ఏడుసార్లు.
చివరికి నగర సభ వాళ్ళు వచ్చారు,
ముందు వార్లామ్ గారు, ఇంకా ముందు ఆయన పొట్ట.
నేలని బూటుతో తట్టి,
"గట్టిగానే ఉందిగా!
ఆడలేక మద్దెల ఓడన్నట్టు..." అని నవ్వాడు.

నేను కళ్ళద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాను.
ఆమె బూట్లు విప్పమంది.
"ఎవర్ని?"
"మిమ్మల్నే. ఎగరండి."

పాపం, సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు.
ఒకసారి ఎగిరాడు.
"మళ్ళీ. ముప్ఫై రెండుసార్లు.
మా పిల్లలు పొద్దున పదికి ముందే చేసేది అంతకు రెట్టింపు."
అంకెలు పలకసాగింది,
ఎనిమిది కాగానే మళ్ళీ ఒకటి.
(ఆమెకి తొమ్మిది రాదని మా గదిలో వేళాకోళం.
జీతాల పట్టీ కూడా ఎనిమిదేసి పేర్లుగానే కడుతుంది.)
రెండో ఒకటికి ఆయన తప్పాడు,
మూడుకి నడుం పట్టుకున్నాడు.
నొప్పి ఎక్కడని ఎవరూ అడగలేదు.
తనే చూపించాడు: మోకాలు, వెన్ను, దవడ.

సగం డబ్బు మంజూరైంది.
సగం నేల వేశాం.
అందుకే ఈ ఏడు మా నాటకాల్లో
ఎగురుళ్ళన్నీ కుడివైపు, ఏడుపులన్నీ ఎడమవైపు.
ప్రేక్షకులు దాన్ని కొత్త శైలి అనుకుంటున్నారు,
మేం కాదనలేదు.

కేటో ఇప్పుడు మా గదిలో మూడో కుర్చీ.
చేతికర్ర బీరువాకి ఆనించి
బూట్ల ఆర్డరు రాయడం నేర్చుకుంటోంది.
మొన్న తాళం వేద్దామని వెళితే
దారేజాన్ స్టేజి మీద మోకాళ్ళ మీద ఉంది.
పాత నేలా కొత్త నేలా కలిసే అతుకులో
నాణెం దూర్చి చూస్తోంది, మర ఎక్కడ వదులైందోనని.
లేచి, సాక్సులతో,
ఆ గీత దాటింది. వెనక్కొచ్చింది. మళ్ళీ దాటింది.
ఎడమ మడమ వేలెడంత లేచిందేమో,
దీపం ఒక్కటే ఉంది, నేను ప్రమాణం చేసి చెప్పలేను.

"జుంబేర్, మిగతా సగం రాశావా?"
"రాశాను."
"ఏ పద్దులో?"
"రావలసిన బాకీల్లో."
ఆమె దీపం ఆర్పింది.
నేను తాళం వేసే దాకా
చీకట్లో అంకెలు వినపడుతూనే ఉన్నాయి,
అడుగులవో అప్పులవో.